ఏ అడుగుకు ఏ టుటు?

నవంబరు వచ్చిందంటే అమెరికాలోని బ్యాలే బడులకు క్రిస్మస్ బ్యాలే ‘నట్‌క్రాకర్’ జ్వరం పట్టుకుంటుంది. పొద్దున కూచిపూడి క్లాసుకీ, సాయంత్రం బ్యాలే క్లాసుకీ పరిగెత్తే పిల్లలు మన తెలుగు ఇళ్ళలోనూ ఉన్నారు కాబట్టి ఆ వేడి మనదాకా వస్తుంది. దుస్తులు బడివాళ్ళే ఇస్తే గొడవ లేదు. సోలోకో పోటీకో “టుటు మీరే తెచ్చుకోండి” అన్నారంటే మాత్రం తిప్పలు మొదలు. టుటు అంటే బ్యాలే నర్తకి వేసుకునే నెట్ పొరల గౌను. వెతకబోతే రొమాంటిక్, బెల్, పాన్‌కేక్, ప్లాటర్, పౌడర్ పఫ్, స్ట్రెచ్, ప్రాక్టీస్ అంటూ పేర్లు వచ్చి మీద పడతాయి. కొన్ని పదుల డాలర్లకు దొరికేవి ఉన్నాయి, కొన్ని వేల డాలర్లు అడిగేవీ ఉన్నాయి. ఫొటోల్లో అన్నీ ముద్దుగానే ఉంటాయి.

అందుకే ఫొటో చూసి ఎంచుకోవద్దంటాను. గత రెండు వందల ఏళ్ళలో టుటు ఆకారం మారిన ప్రతిసారీ దాని వెనక కొత్త అడుగో, కొత్త దీపమో, వేదిక మీద కొత్త ఇరుకో ఉంది. ఏ టుటు ఏ అవసరానికి పుట్టిందో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. మిగతా సగం కొలతలు, హుక్కులు, పెట్టడానికి చోటు. వాటి సంగతీ చూద్దాం.

రొమాంటిక్ టుటు: గెంతు కోసం

1832 మార్చి 12న ప్యారిస్ ఆపెరాలో ‘లా సిల్ఫీడ్’ మొదటి ప్రదర్శన జరిగింది. గాలిలో తిరిగే ఒక అప్సరసను మనిషి ప్రేమించడం కథ. ఆ అప్సరస పాత్ర వేసింది మారీ టాగ్లియోని. నాట్యం కూర్చింది ఆమె తండ్రి ఫిలిప్పో. ఎజెన్ లామీ గీశాడని చెప్పే ఆ దుస్తులు ఇప్పుడు చూస్తే చాలా మామూలుగా అనిపిస్తాయి: భుజాలు కనబడే బిగుతైన బాడీ (రవికలాంటి పైభాగం), నడుము నుంచి గంటలా విచ్చుకుని పిక్కల మధ్యదాకా దిగే తెల్లటి పల్చని గౌను. నగల హంగు లేదు, రంగుల ఆర్భాటం లేదు.

ఈ పొడవు ఊరికే వచ్చింది కాదు. టాగ్లియోని పేరు మోగింది మునివేళ్ళ మీద నిలబడడం వల్ల. పాదాలు కనిపించకపోతే ఆ విద్య ఎవరికీ అందదు. దానికి వందేళ్ళ ముందే మారీ కమార్గో అనే నర్తకి తన పాదాల చురుకు చూపించడానికి గౌను అంచు కాస్త పైకెత్తి ప్యారిస్‌లో గోల పుట్టించింది. 1734లో మారీ సాలే లండన్‌లో భారీ గౌను పక్కన పడేసి పల్చని మస్లిన్ తొడుక్కుని ఆడింది. ఫ్రెంచి విప్లవం తర్వాత మడమల చెప్పులు పోయి మెత్తటి చెప్పులు, కాళ్ళకు అతుక్కునే మేజోళ్ళు వచ్చాయి. టాగ్లియోని గౌను వీటన్నిటి తర్వాతి మెట్టు. పాదం కనిపిస్తుంది, మోకాలు కనిపించదు.

అసలు కిటుకు గెంతులో ఉంది. నర్తకి పైకి లేస్తే గౌను వెంటే లేస్తుంది. ఆమె నేలకు దిగిపోయాక కూడా పొరలు ఇంకా గాలిలోనే ఉండి నెమ్మదిగా వాలతాయి. దాంతో ఆమె గాలిలో ఉన్నది అర క్షణమే అయినా చూసేవాళ్ళకు అంతకంటే ఎక్కువసేపు ఉన్నట్టు తోస్తుంది. 1841లో వచ్చిన ‘జిజెల్’ రెండో అంకంలో, పెళ్ళికాకుండానే చనిపోయిన అమ్మాయిల ఆత్మలు వెన్నెల్లో నాట్యమాడతాయి. ఆ అంకమంతా ఈ కిటుకు మీదే నిలబడింది. దాన్ని పొట్టి టుటుల్లో ఆడితే ఆత్మలు ఆత్మల్లా కనిపించవు.

ఈ గౌనుకు మరో తోడు గ్యాసు దీపం. 1822లోనే ప్యారిస్ ఆపెరాకు గ్యాసు వెలుతురు వచ్చింది. ఆ వెలుతురు పల్చని తెల్ల బట్టలోంచి వస్తుంటే గౌను తనకు తానే వెలుగుతున్నట్టుండేది. అదే ప్రాణాల మీదికీ తెచ్చింది. 1844లో లండన్ డ్రూరీ లేన్ నాటకశాలలో క్లారా వెబ్‌స్టర్ దుస్తులకు వేదిక మీదే మంటలంటుకున్నాయి. ఆమె బతకలేదు. ప్యారిస్‌లో వేదిక దుస్తులను నిప్పంటుకోని ద్రావణంలో ముంచాలని 1859లో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. ముంచితే బట్ట బిరుసెక్కేది, తెలుపు మాసినట్టయ్యేది. నర్తకులకు అది నచ్చలేదు. టాగ్లియోని శిష్యురాలు ఎమ్మా లివ్రీ అలాంటి గౌను తొడగనని, ఏం జరిగినా బాధ్యత తనదేనని రాతపూర్వకంగా ఇచ్చింది. 1862 నవంబరులో ఒక రిహార్సల్‌లో ఆమె గౌను గ్యాసు మంటకు తగిలింది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి 1863 జులైలో పోయింది. ఇరవై ఏళ్ళ పిల్ల. ఆ ప్రమాదానికి రెండేళ్ళ ముందు టాగ్లియోని ఆమె కోసమే కూర్చిన ‘ల పాపియోఁ’లో ఆమెది సీతాకోకచిలుకగా మారిపోయే పిల్ల పాత్ర. ఆ కథలోనూ కాగడా మంటకు రెక్కలు కాలిపోతాయి. మిగిలిన గుడ్డ ముక్కలను ప్యారిస్ ఆపెరా గ్రంథాలయ ప్రదర్శనశాలలో దాచి ఉంచారు.

ఇది పాత కథే అయినా కొనేవాళ్ళకు ఇవాళ్టికీ పనికొస్తుంది. ఇప్పటి నెట్ నైలాన్ది. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. పిల్లల ప్రదర్శనలో దేవదూతల చేతికి కొవ్వొత్తులిచ్చే సీను ఉంటే అవి బ్యాటరీవో కాదో ముందే అడగండి. ఇంటి దగ్గర టుటు వేసుకుని దీపావళి ప్రమిదల పక్కన ఫొటోలు దిగే సరదా అస్సలు వద్దు.

రొమాంటిక్ టుటు కొనేటప్పుడు చూడాల్సింది మెత్తదనం. ఐదారు పొరలుంటే చాలు. చేతికి దొరికితే అంచు పట్టుకుని నడుము ఎత్తుకు లేపి వదలండి. నెమ్మదిగా వాలితే మంచి టుల్లు (మెత్తటి పల్చని నెట్). లేపిన చోటే గొడుగులా నిలబడిపోతే అది బిరుసు నెట్, గెంతులో అక్కరకు రాదు. చవక రకాల్లో లోపల బిరుసు నెట్ వేసి పైన ఒక్క మెత్తటి పొర కప్పుతారు, కాబట్టి లోపలికి చెయ్యి పెట్టి చూడండి. బృందంలో ఆడే పిల్లలైతే పొడవును నడుము నుంచి కాకుండా నేల నుంచి కొలవమనండి. పిల్లల ఎత్తులు వేరు వేరు. నేల నుంచి ఒకే ఎత్తులో అంచులు ఉంటే వరస ఒక్క గీతలా కనిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. 1832 నాటి ‘లా సిల్ఫీడ్’ వేరు, ఫోకిన్ కూర్చగా 1909లో బాలే రూస్ అనే రష్యన్ బృందం ప్యారిస్‌లో ఆడిన ‘లే సిల్ఫీద్’ వేరు. రెండోదాన్లో కథంటూ లేదు, షోపాన్ సంగీతం, తెల్లని గౌన్లు, అంతే. పొట్టి టుటుల కాలంలో పాత పొడవు గౌనును కావాలని వెనక్కి తెచ్చిన నాట్యం అది. దుకాణదారుకు పేరు తప్పు చెప్పినా రెండింటికీ రొమాంటిక్ టుటుయే వస్తుంది కాబట్టి మునిగిపోయేదేమీ లేదు. రెక్కలు అతికించేది దేనికో, వాటి పరిమాణం ఎంతో మాత్రం టీచర్నే అడగండి.

బెల్ టుటు

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎడ్గార్ డెగా 1870ల్లో గీసిన ప్యారిస్ నర్తకుల బొమ్మలు చూస్తే వాళ్ళ ఒంటి మీద ఉన్నది ఇలాంటిదే. మోకాలి దగ్గరకు వచ్చి, కిందికి వంగి, గుబురుగా ఉండే గౌను. 1881లో ఆయన ప్రదర్శించిన పద్నాలుగేళ్ళ నర్తకి మైనపు శిల్పానికి అసలు బట్టతోనే గౌను తొడిగాడు. బెల్ టుటులో లోపల రింగు ఉండదు. పొరలు బిరుసే అయినా బరువుకు తామే వాలతాయి. క్లాసికల్ పాత్ర కావాలి, కానీ కాళ్ళు తొడలదాకా కనిపించడం పిల్లకో అమ్మమ్మకో ఇబ్బంది అనుకునే ఇళ్ళలో ఇది మంచి రాజీ. దాన్ని ఎవరూ మాటనరు, చరిత్రే దాని పక్షాన ఉంది.

పాన్‌కేక్: తిప్పుడు కోసం, కాలి పని కోసం

1880ల్లో ఇటలీ నర్తకులు రష్యాకు వెళ్ళారు. మిలాన్ బడిలో తయారైన వాళ్ళ బలమంతా కాళ్ళలో, వేగంలో ఉండేది. 1885లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వచ్చిన వర్జీనియా జుక్కీ అక్కడి పొడుగు గౌన్లు తనకొద్దని, పొట్టివే కావాలని పట్టుబట్టింది. 1890లో ‘స్లీపింగ్ బ్యూటీ’లో కార్లోటా బ్రియాన్జా, 1893 నాటి ‘సిండ్రెల్లా’లోనూ ఆ తర్వాత 1895 నాటి ‘స్వాన్ లేక్’లోనూ పియరీనా లెన్యానీ మెరిశారు. ఒంటికాలి మీద 32 ఫువెత్తేలు ఆగకుండా తిరిగింది ఈ లెన్యానీయే. పాదం కొరడాలా విసురుతూ తిరుగుతుంటే మోకాలు, తొడ కనిపించాలి. గౌను అడ్డమొస్తే చేసిందంతా వృథా.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. లెన్యానీ వేసుకున్నది ఇప్పటి పళ్ళెం లాంటి పాన్‌కేక్ టుటు కాదు. ఆ కాలపు ఫొటోల్లో గౌను మోకాళ్ళ దగ్గరగా వాలే ఉంటుంది. అడ్డంగా నిలిచే పళ్ళెం ఆకారం ఇరవయ్యో శతాబ్దంలో క్రమంగా బిగిసింది. కొరియోగ్రాఫర్ అలెక్సేయ్ రత్మాన్‌స్కీ పాత నాట్యలిపి చూసి 2016లో జ్యూరిచ్‌లో ‘స్వాన్ లేక్’ను తిరిగి నిలబెట్టినప్పుడు గౌన్లు కూడా ఆనాటి తీరులో పొడుగ్గా, మెత్తగా వేయించారు. పోటీలో “అసలైన పెటిపా” (ఆ కాలపు రష్యా కొరియోగ్రాఫర్) కావాలంటూ అంగుళం అంగుళం పొట్టి చేయించేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి.

పాన్‌కేక్ నిర్మాణం నిజంగా ఇంజనీరింగే. పది, పన్నెండు పొరల బిరుసు నెట్. తొడల దగ్గరిది అన్నిటికన్నా పొట్టి, రెండంగుళాలు కూడా ఉండకపోవచ్చు. పైకి పోయేకొద్దీ పొడవు పెరుగుతూ, పెద్దవాళ్ళకు పై పొర పద్నాలుగు పదిహేను అంగుళాలకు చేరుతుంది. కింది పొట్టి పొరలు పై పొరలను మోస్తాయి. మధ్యలో ఒక పొరకు గొట్టంలా కుట్టి అందులోంచి సన్నటి ఉక్కు రింగు దూరుస్తారు. తర్వాత పొరలన్నిటినీ కలిపి చేత్తో వదులు కుట్లు వేస్తారు. ఆ కుట్లు బిగిస్తే పళ్ళెం చచ్చుబడిపోతుంది, వదిలేస్తే మెట్లు మెట్లుగా విడిపోతుంది. కుట్టేవాళ్ళ పనితనమంతా అక్కడ తెలిసిపోతుంది. మంచి టుటుకు పదుల గంటల చేతిపని పడుతుంది. ధర ఎందుకంత అని అడిగేముందు దాన్ని తిరగేసి లోపలి కుట్లు చూడాలి. ప్లాటర్ అనేది దీని చెల్లెలే. పైభాగం ఇంకా చదునుగా ఉంటుంది, జరీ, పూసల పని అక్కడే పరుస్తారు.

కూచిపూడి దుస్తుల్లో ముందున్న విసనకర్ర నర్తకి అరమండిలో కూర్చున్నప్పుడే విచ్చుకుంటుంది, లేచి నిలబడితే ముడుచుకుంటుంది. మోకాళ్ళు తెరుచుకోకపోతే విసనకర్ర కూడా అబద్ధం చెప్పదు. పాన్‌కేక్ అంతకంటే నిర్దయ. నిలబడినా కదిలినా దాచిపెట్టేదేమీ ఉండదు. మోకాలు పూర్తిగా చాచకపోతే కనిపిస్తుంది, తుంటి ఒక పక్క లేస్తే పళ్ళెం మొత్తం ఒరిగి ఆ తప్పును చివరి వరస దాకా చూపిస్తుంది. నా మాట అడిగితే, పాయింట్ చెప్పుల (మునివేళ్ళ మీద నిలబడేందుకు వేసుకునే గట్టి చెప్పుల) మీద గట్టిగా నిలబడని పిల్లకు పాన్‌కేక్ కొనొద్దు. రొమాంటిక్ గౌను మోకాళ్ళను, తుంటిని కాస్త కాచుకుంటుంది. బదులుగా చేతులు, మెడ, గెంతి దిగే తీరు చూపిస్తుంది. పిల్ల బలం ఎక్కడుందో గురువును అడిగి, దాన్ని చూపించే గౌను తీసుకోండి.

జంట నాట్యమైతే ఇంకో లెక్క. పళ్ళెం అంచు పార్ట్‌నర్‌ను ఒక అడుగు దూరం పెడుతుంది. అతనికి ఆమె పాదాలు కనిపించవు. నడుము పట్టుకుని ఎత్తేటప్పుడు గౌను అతని మొహానికో ఛాతీకో కొట్టుకుంటుంది. బాడీ నడుము భాగం మీద రాళ్ళు, గరుకు పూసలు కుట్టిస్తే అతని అరచేతులు గీరుకుపోతాయి, చేతులు జారతాయి కూడా. కుట్టేవాళ్ళకు చెప్పాల్సిన మొదటి మాట ఇదే: చేతులు పడే చోట పని వద్దు. ప్రాక్టీస్ టుటు ఇందుకే పుట్టింది. బాడీ ఉండదు, నడుము పట్టీ, పొరలు మాత్రమే. జంట నాట్యం నేర్చుకునే పిల్లలకు ఇది లగ్జరీ కాదు. పళ్ళెం లేకుండా నెలల తరబడి సాధన చేసి, ప్రదర్శన ముందురోజు పళ్ళెం తగిలిస్తే ఇద్దరూ తడబడతారు.

పౌడర్ పఫ్: ఇరుకు వేదిక కోసం

కొరియోగ్రాఫర్ బాలంచిన్ కూర్చిన ‘సింఫనీ ఇన్ సి’ చివర్లో వేదిక మీద యాభై మంది దాకా నిండిపోతారు. రింగులున్న టుటులు ఆ రద్దీలో ఒకదానికొకటి తగులుతాయి. ఒక అంచు తగిలితే రింగు మొత్తం లేచిపోతుంది. వరసలో ఒక పళ్ళెం లేస్తే పక్కది వాలుతుంది. ఖార్కివ్‌లో పుట్టి ప్యారిస్ మీదుగా న్యూయార్క్ చేరిన బార్బరా కరిన్స్కా దీనికి 1950లో మందు కనిపెట్టింది. రింగు తీసేసింది. పొరలు ఆరేడుకు తగ్గించింది. వాటిని పొట్టిగా, వదులుగా కుట్టింది. నర్తకి తుంటి చుట్టూ మెత్తగా పొంగి, తగిలినా నలిగి మళ్ళీ సర్దుకునే టుటు అది. బాడీని ముక్కలు ముక్కలుగా, కొన్ని ముక్కలను ఐమూలగా కత్తిరించి ఊపిరి పీల్చుకోవడానికి సాగేలా చేయడం కూడా ఆమె పనితనమే. సినిమా దుస్తులకు ఆస్కార్ అందుకున్న చెయ్యి, మరి.

ఇప్పుడున్న రకాల్లో అన్నిటికన్నా తక్కువగా మెచ్చుకోబడుతున్నది ఇదేనని నా అభిప్రాయం. అద్దె హాలులోనో, హైస్కూలు ఆడిటోరియంలోనో, వింగుల్లో మనిషి పక్కకు తిరగడానికి చోటు లేని వేదిక మీదనో ఆడే పిల్లలకు పౌడర్ పఫ్ హాయి. కారు వెనక సీటులో పట్టేస్తుంది. బరువు తక్కువ. మంచు రేకులుగానో పూలుగానో పదిహేను మంది పిల్లలు ఒకేసారి పరిగెత్తే సీన్లో పాన్‌కేక్ వేయిస్తే అది టీచరు పట్టుదలే తప్ప అవసరం కాదు. ఇది కుదరనిది ఒక్కచోటే: ‘స్లీపింగ్ బ్యూటీ’ అరోరానో ‘స్వాన్ లేక్’ ఒడీల్‌నో ఒంటరిగా ఆడి, రాజకుమారి దర్జా చూపించాల్సినప్పుడు. అక్కడ గీత గీసినట్టుండే అంచు కావాలి, మెత్తటి పొంగు ఆ దర్జా ఇవ్వదు.

భారతదేశం పేరుతో ఉన్నది

‘లా బయాడేర్’ మాటొస్తే మనవాళ్ళకు ఆసక్తి ఎక్కువ. 1877లో పెటిపా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కూర్చిన ఈ నాట్యంలో కథానాయిక నికియా భారతదేశపు దేవాలయ నర్తకి. అందుకని మన లంగా ఓణీ ఛాయలో ఏదో ఉంటుందని ఆశించి కొందరు జరీ అంచు పాన్‌కేక్ కుట్టిస్తారు. మొదటి అంకంలో మామూలుగా నికియా వేసుకునేది టుటు కాదు, పల్చటి వదులు పైజామా, పొట్టి చోళీ లాంటిది, ఐరోపావాళ్ళు ఊహించుకున్న తూర్పు దేశం. టుటు వచ్చేది ఛాయల (ఆత్మల) సీనులో. అక్కడ అందరూ తెల్లని పొట్టి టుటుల్లో, తలనుంచి చేతులదాకా జారే పల్చటి మేలిముసుగుతో, వాలుదారి మీదుగా ఒకరి వెనక ఒకరు దిగుతారు. ఆ సీన్లో భారతదేశం ఎక్కడా లేదు. ఉన్నది శుద్ధమైన గీత, శుద్ధమైన తెలుపు. జరీ అక్కడ పానకంలో పుడక. గమ్‌జట్టీ పాత్ర వేస్తే మాత్రం రంగు, బంగారు పని ఎంతైనా చేయించుకోవచ్చు. ఆమె రాజుగారి కూతురు మరి.

టుటు లేకపోతే?

బాలంచిన్ 1950ల్లో కొన్ని నాట్యాలకు దుస్తులన్నీ ఊడదీసి, నర్తకులను ఒంటికి అతుక్కునే నలుపు తెలుపు లియోటార్డుల్లో నిలబెట్టాడు. 1957 నాటి ‘ఆగన్’ అలాంటిదే. కొరియోగ్రాఫర్ ఫోర్సైత్ 1996లో కూర్చిన ఒక నాట్యంలో టుటు పూర్తిగా బల్లపరుపు ఆకుపచ్చ చక్రమైంది, కుచ్చుల్లేవు. కొత్త కొరియోగ్రఫీ చేయించుకుంటున్న పిల్లకు ఖరీదైన టుటు అవసరమే ఉండదు, మంచి లియోటార్డు సరిపోతుంది. డబ్బు మిగిల్చి ఇంకో రెండు జతల పాయింట్ చెప్పులు కొనుక్కోవచ్చు.

కొనాలా, కుట్టించాలా, అద్దెకా

ఎదిగే పిల్లకు నా ఓటు అద్దెకు, లేదంటే పాతదాన్ని కొనడానికి. పద్ధతిగా కుట్టిన టుటులో బాడీ వెనక హుక్కులకు ఎదురుగా రెండు మూడు వరసల కాజాలుంటాయి. ఒకే టుటును వేరువేరు నర్తకులు వాడుకోవడానికి నాటకశాలలు పెట్టుకున్న ఏర్పాటిది. పిల్ల కాస్త ఒళ్ళు చేసినా మరో సంవత్సరం వస్తుంది. జిప్ ఉన్నది చూస్తే వదిలేయండి. వేదికెక్కే ముందు జిప్ ఇరుక్కుంటే చేసేదేమీ లేదు, హుక్కు ఊడితే సూది దారంతో కుట్టి పంపేయొచ్చు. స్ట్రెచ్ టుటు అంటే సాగే లియోటార్డుకు పొరలు కుట్టినది. పదేళ్ళ లోపు పిల్లలకు అదే హాయి. పెద్ద పాత్రకు మాత్రం సాగే బట్ట పళ్ళెం బరువు మోయలేక వెనక్కి లాగుతుంది.

కొలతల్లో అందరూ ఛాతీ, నడుము, తుంటి రాసి పంపి ఊరుకుంటారు. అసలు కొలత ఇంకొకటుంది: భుజం మీదనుంచి ముందుగా దిగి, కాళ్ళ మధ్యగా వెనక్కి వెళ్ళి, మళ్ళీ అదే భుజం దాకా. అది పొట్టయితే చేతులెత్తగానే బాడీ కిందికి లాగుతుంది. పొడవైతే నడుము దగ్గర ముడతలు పడతాయి. పొడుగు మొండెం ఉన్న పిల్లలకు రెడీమేడ్ టుటు తప్పేది ఇక్కడే. పళ్ళెం వెడల్పు కూడా ఎత్తును బట్టే. పొట్టి పిల్లకు పెద్ద పళ్ళెం తొడిగితే కాళ్ళు ఇంకా పొట్టిగా కనిపిస్తాయి.

రంగు దగ్గర మనకో ప్రత్యేక చిక్కుంది. భుజాల పట్టీలు, మెడ దగ్గరి నెట్ “చర్మం రంగు” అని అమ్ముతారు. ఆ రంగు తెల్లవాళ్ళ చర్మానిది. చామనఛాయ పిల్ల భుజం మీద అది వేదిక వెలుతురులో తెల్లటి బద్దలా మెరుస్తుంది. హార్లెమ్ నాట్యబృందం 1974లోనే గులాబీ మేజోళ్ళ ఆనవాయితీ పక్కన పెట్టి, నర్తకుల చర్మం రంగుకు సరిపడే మేజోళ్ళు, చెప్పులు వాడడం మొదలుపెట్టింది. లండన్‌లో ఫ్రీడ్ కంపెనీ బ్యాలే బ్లాక్ బృందంతో కలిసి గోధుమ రంగు పాయింట్ చెప్పులు తెచ్చింది 2018లో. ఇప్పుడు అడిగితే దొరుకుతున్నాయి, కాబట్టి అడగండి. పట్టీలకు చిక్కటి టీ డికాక్షన్లో నానబెట్టే చిట్కా బాగానే పనిచేస్తుంది. ముందు ఒక ముక్క మీద చూసుకోండి. మేజోళ్ళు గులాబీవే ఉండాలని బడి నియమం పెడితే, టుటు కొనకముందే టీచరుతో మాట్లాడుకోవడం మేలు.

ఆఖరిగా, ఇంట్లో చోటు. పాన్‌కేక్‌ను మామూలు హ్యాంగరుకు తగిలిస్తే వారంలో కిందికి వాలిపోతుంది. తలకిందులుగా, లోపలి నిక్కరు దగ్గర పట్టుకుని వేలాడదీయాలి. లేదా గుండ్రటి సంచిలో బల్లపరుపుగా పడుకోబెట్టాలి. ఆ సంచి విమానంలో తలపైన అరలో పట్టదు, కాబట్టి పోటీకి ఊరు మారాల్సి వస్తే ముందే విమానసంస్థను అడగండి. ఉతకడం కుదరదు. చెమట వాసన పోవడానికి నాటకశాలల్లో వోడ్కాలో నీళ్ళు కలిపి బాడీ లోపలివైపు చల్లి ఆరబెడతారు. ఇంట్లో పెద్దలు ఏమంటారో అన్న భయముంటే బాడీ లోపల పల్చటి కాటన్ లైనింగ్ విడిగా కుట్టించి, దాన్ని మాత్రం విప్పి ఉతుక్కోండి. నలిగిన పొరలకు ఇస్త్రీపెట్టె తగలనివ్వొద్దు, దూరం నుంచి ఆవిరి పట్టిస్తే చాలు. రొమాంటిక్, పౌడర్ పఫ్ రెండూ అల్మారాలో వేలాడతాయి, ఈ సేవలన్నీ అడగవు. అపార్ట్‌మెంటులో ఉంటూ రెండింటి మధ్య ఊగిసలాడుతున్నవాళ్ళు దీన్ని కూడా లెక్కలో వేసుకోవచ్చు.